మూడు కాళ్ళ జింక

నా కొడుక్కి పెళ్ళి చేస్తామని వచ్చారు, వాడు చచ్చిపోయాక.

ఖార్తూం పక్కనున్న మా ఒందుర్మాన్‌లో ఆ రోజుల్లో అలాంటి ఆచారం ఒకటి తెచ్చిపెట్టారు. దక్షిణాన యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ ఇళ్ళలో ఏడవకూడదు. పోయినవాడు అమరుడు, స్వర్గంలో పెళ్ళికొడుకు. కాబట్టి షామియానా వేయాలి, మైకు పెట్టాలి, ఖర్జూరాలూ మిఠాయిలూ పంచాలి. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ సంతోషపు కేకలు వేయాలి. తల్లి నవ్వాలి. ఎవడు కనిపెట్టాడో గాని, వాడికి పిల్లలు ఉండి ఉండరు.

దక్షిణాన జుబాలో దిగబోతున్న సైనిక విమానాన్ని తిరుగుబాటుదార్లు కూల్చేశారని, అందులో నా బాబికిర్ పోయాడని మేజర్ వచ్చి చెప్పాడు. అక్కడే పాతిపెట్టారట. పాతేముందు స్నానం చేయించారా అని అడిగాను. అమరుడికి స్నానం అక్కర్లేదమ్మా, ఆ రక్తంతోనే వెళ్ళాలి అన్నాడు. మామూలుగా పోయినవాళ్ళకే స్నానమని నాకు తెలియని సంగతి కాదు. అయినా తల్లిని కదా, అడిగాను.

అర్థం కానిది ఒక్కటే. వాడు జుబా విమానం ఎందుకెక్కాడు? బస్సులోంచి దింపి వాణ్ణి సైన్యంలోకి పట్టుకుపోయినప్పుడు, మా తమ్ముడు ఫాదిల్ పేట కమిటీలో ఉన్న పలుకుబడితో ఖార్తూంలోనే గోదాములో పని వేయించాడు. "నా మేనల్లుడు ఖార్తూం పొలిమేర దాటడు. నువ్వు నిశ్చింతగా పడుకో అక్కా" అన్నాడు. నమ్మి పడుకున్నాను.

ఫాదిల్‌ని పెంచింది నేనే. వాడు పాకే వయసులో మా అమ్మ పోయింది. వాడి సబ్బుల వ్యాపారం మొదలైంది కూడా మా పెరట్లోనే. నూనే, సోడా కలిపి కాచి కాచి నా అరచేతుల తోలు ఊడింది. సబ్బు మీద గుర్తు కోసం చెక్క అచ్చు చెక్కింది బాబికిర్. అప్పటికి చిన్నపిల్లాడు. జింకను చెక్కబోయి ఒక కాలు విరగ్గొట్టాడు. వాడు ఏడుస్తుంటే ఫాదిల్ ముద్దుపెట్టుకుని, "ఉండనీరా, మన జింక కుంటుకుంటూనే బజారుకి పోతుంది" అన్నాడు. తర్వాత బజార్లో పెద్ద కొట్టు పెట్టినా ఆ అచ్చు మాత్రం మార్చలేదు. కలిసొచ్చిందని నమ్మకం.

పెళ్ళి రోజున అన్నీ ఫాదిలే చూసుకున్నాడు. చక్కెర బస్తా తెచ్చాడు, షామియానా వేయించాడు. భోజనాల వేళ తనే కూజా పట్టుకుని, వచ్చినవాళ్ళ చేతుల మీద నీళ్ళు పోశాడు. కొడుకు లేని లోటు తమ్ముడు తీరుస్తున్నాడని నా పిచ్చి మనసు పొంగిపోయింది కూడా.

అప్పుడొచ్చాడు హారూన్. అదే విమానంలో ఉండి బతికి బయటపడ్డ కుర్రాడు. ఎడమ చేతికి కట్టు ఉంది, కనుబొమలు కాలిపోయాయి. ఫాదిల్ వాడికి సబ్బు అందించాడు. వాడు దాన్ని తిప్పి చూశాడు. తర్వాత చెయ్యి కడుక్కోకుండానే వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

ఏమైంది నాయనా అని అడిగాను.

"ఆ కుంటి జింక పెట్టెల మీదే కూర్చున్నామమ్మా, విమానంలో."

మెల్లగా అంతా చెప్పాడు. జుబాలో సబ్బు దొరకదు, చేరిస్తే బంగారమే. అందుకని సైనికుల మధ్య మనిషెత్తున సబ్బు పెట్టెలు పేర్చారు. తాళ్ళు మందుగుండుకే సరిపోయాయి, సబ్బులకి కట్టలేదు. దించెయ్యమని పైలట్ మొత్తుకుంటే ఈ మేజరే కసిరి పంపాడు. తుపాకులకి అందకుండా విమానం చుట్లు తిరుగుతూ దిగుతుంటే పెట్టెలన్నీ ఒక పక్కకి జారిపోయాయి. విమానం గడ్డిలో కూలింది. ఎవరూ కాల్చలేదు.

"మరి మావాడు?" అన్నాను.

"కాపలాకి ఎక్కాడు. మామయ్య సరుకు, అప్పజెప్పి ఇదే విమానంలో తిరిగొచ్చేస్తానన్నాడు. అమ్మకి చెప్పొద్దన్నాడంట మామయ్య."

నేను లేచి షామియానా గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మైకులో మేజర్ నా కొడుకు వీరత్వం గురించి చెబుతున్నాడు. ఫాదిల్ నా మొహం చూశాడు, నా వెనక హారూన్‌ని చూశాడు. కూజా కింద పెట్టేశాడు.

"తిరిగొచ్చేస్తాడనుకున్నానక్కా" అన్నాడు.

ఏదైనా అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. నమ్మడానికి నాకింకా ఆశ ఉంది. నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు, నా కొడుకుని తన సబ్బుల మీద కూర్చోబెట్టి పంపి, ఇవాళ వాడి పెళ్ళికి అదే సబ్బు తెచ్చాడు. చేతులు కడిగే పళ్ళెంలోంచి సబ్బు బిళ్ళ తీశాను. తడిసి అరిగినా మూడు కాళ్ళూ తెలుస్తూనే ఉన్నాయి.

"అమరుడికి స్నానం అక్కర్లేదన్నారు, విని ఊరుకున్నా" అన్నాను. "నా కొడుకు యుద్ధంలో పోలేదురా ఫాదిల్. నీ సరుక్కి కాపలా కాస్తూ పోయాడు. వాడికి స్నానం కావాలి. సబ్బు తెచ్చావు సరే, వాడి ఒళ్ళేదీ?"

లోపల ఆడవాళ్ళు ఇంకా సంతోషపు కేకలు వేస్తూనే ఉన్నారు.

అప్పుడు ఏడ్చాను. మైకులో మేజర్ గొంతు పెంచాడు, నేనూ పెంచాను. లోపలి కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పక్కింటి ముసలమ్మ బయటికొచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని, బాబికిర్ పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.