యాభై రెండు డిగ్రీలు

సుభద్ర నేనుండే పెట్టె గాజు తలుపు తుడుస్తోంది. రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చాక, పాత చీర పీలికతో తడిగా ఒకసారి, పొడిగా ఒకసారి తుడుస్తుంది. తుడిచాక లోపలికి తొంగిచూస్తుంది. నా తలమీద చిన్న అంకె వెలుగుతూ ఉంటుంది. యాభై రెండు. అంత మంచి అంకె చూసి ఆ ఇంట్లో ఎవరూ సంతోషించరు.

నేను ఒక లిక్విడ్ కూలర్‌ని. కంప్యూటర్ లోపల ప్రాసెసర్ అనే చిప్ ఉంటుంది. పని పెరిగేకొద్దీ అది కాగిపోతుంది. నా తలమీది అంకె చెప్పేది దాని వేడే. నా రాగి పలక దాన్ని అంటిపెట్టుకుని ఆ వేడిని లాక్కుంటుంది. గొట్టాల్లోని నీరు వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది, ఫ్యాన్లు బయటికి తోలేస్తాయి. ఇంతే నా బతుకు. కానీ అంటిపెట్టుకోవాలి. మధ్యలో కాగితమంత అడ్డం ఉన్నా నేనెందుకూ కొరగాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి, గీతలు పడకుండా నా రాగి పలకకి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించింది. బిగించేముందు తీసేయమని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంది. రోజుకి వేల పొరలు అంటించే ఆ అమ్మాయి, వాటిని తీయని మనుషులు కూడా ఉంటారని అనుకుని ఉండదు. ఆమె చలపతి ఇల్లు చూడలేదు కదా.

చలపతి సుభద్ర భర్త. తెనాలిలో, ఇంటి ముందుగదిలోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. కవరు తీస్తే కొత్త వస్తువు పాతదైపోతుందని అతని నమ్మకం. టీవీ రిమోటు పాలిథిన్ సంచిలో ఉంటుంది. స్కూటర్ సీటు కవరు ఎండకి కాలుతుంది, అయినా తీయడు. సోఫా మీద చుట్టాలు కదిలినప్పుడల్లా కవరు కరకరలాడుతుంది.

నన్ను ఆ ఇంటికి తెచ్చింది బాజీ, కంప్యూటర్ మెకానిక్. అతనూ చలపతీ ఒకే స్టూడియోలో పని నేర్చుకున్నారు, ఒకే సైకిల్ మీద తిరిగారు. బజారులో బాజీ "ఇది మంచిది" అంటే జనం మారుమాట లేకుండా కొనేవారు. అతనికున్న ఆస్తి ఆ మాటే.

"శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి నేనే బిగిస్తా. అప్పటిదాకా ముట్టుకోమాకు," అని చెప్పి వెళ్లాడు. చలపతి ఆగలేకపోయాడు. గురువారమే స్క్రూడ్రైవర్ పట్టాడు.

"అడుగున కవరుందిగా, తీయరా?" అంది సుభద్ర.

"కొత్త రాగి. మెరుపు పోద్ది. ఉండనీ."

"కంప్యూటరుక్కూడా రెయిన్‌కోటా!" అని నవ్వుకుంటూ ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

వీడియో పని మొదలుపెట్టగానే అంకె తొంభై ఎనిమిదికి ఎగబాకింది. మెషిను ఆగిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆగింది. నా నీళ్లు చల్లగా తిరుగుతున్నాయి. వెంట్రుకవాసి దూరంలో చిప్ కాలిపోతోంది. చెబుదామంటే నాకు నోరేది?

శుక్రవారం బాజీ వచ్చేసరికి ఒక పెళ్లికూతురి తండ్రి సోఫాలో కూర్చుని ఉన్నాడు. సాయంత్రం రిసెప్షన్‌లో వేయాల్సిన వీడియో అతనిది. బాజీ ఫ్యాన్లు తిప్పి పెట్టాడు. నీళ్లు తిప్పే నా పంపు దగ్గర చెవి ఆనించాడు. గాలి బుడగ చిక్కుకుందేమోనని రేడియేటర్‌ని పైకి మార్చాడు. అంకె దిగలేదు. అప్పుడు నా రెండు గొట్టాలూ పిడికిట్లోకి తీసుకున్నాడు.

"చల్లగా ఉన్నయ్ రా. లోపల నిప్పు, ఇక్కడ మంచు. వేడి దీనికి అందట్లా. విప్పి చూడనీ."

"విప్పేదేంది? నే సరిగ్గానే బిగించా. సరుకే బాలేదు."

"పంపు తిరుగుతుంది, నువ్వూ విను."

"ఎవడో వాడి పారేసింది తుడిచి నాకంటగట్టావు. స్నేహితుడు గదా, అడగడులే అనుకున్నావ్."

సోఫా కవరు కరకరలాడింది. పెళ్లికూతురి తండ్రి ముందుకు వంగాడు. "అదా సంగతి! మా అల్లుడికి ఈయన బిగించిచ్చిన కంప్యూటరూ ఊరికే మొరాయిస్తోందండీ."

బాజీ చెయ్యి గొట్టాల మీదే ఉండిపోయింది.

"చలపతీ, ఆ మాట వెనక్కి తీసుకో."

"ముందు మెషిను నడిపించు."

బాజీ నాలుగు స్క్రూలూ విప్పి నన్ను పైకెత్తాడు. తిప్పి చూశాడు. తర్వాత గోటితో ఒక మూల పట్టుకుని పొరని మెల్లగా లాగాడు. అది ఊడిన చప్పుడు గదంతా వినబడింది. టీ తెస్తున్న సుభద్ర గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ పొరని ఆమె గుర్తుపట్టింది.

అతను చిప్ తుడిచి, వేడిని దాటించే పేస్టు కొత్తగా రాసి, నాలుగు మూలలా కొంచెం కొంచెంగా బిగించాడు. మెషిను వేశాడు. నేను పుట్టాక మొదటిసారి ఒక వేడిని ముట్టుకున్నాను. దేనికోసం నన్ను తయారుచేశారో ఆ క్షణం తెలిసింది. అంకె దిగుతూ దిగుతూ యాభై రెండు దగ్గర నిలబడింది. ఎవరూ దానివైపు చూడలేదు.

"ఒరే బాజీ..." అన్నాడు చలపతి. సోఫాలో పెళ్లికూతురి తండ్రి కదలడం మానేశాడు.

బాజీ ఆ పొరని కీబోర్డు మీద పెట్టాడు. కీబోర్డుకీ కవరుంది. స్క్రూడ్రైవర్ తుడిచి సంచిలో వేసుకున్నాడు.

"అన్నయ్యా, టీ..." అంది సుభద్ర.

అతను గ్లాసు వైపు చూశాడు, అందుకోలేదు. గుమ్మం దగ్గర వంగి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.