పగులులో చిక్కిన కొబ్బరిపీచు

నేను ఒక మానిఫోల్డ్‌ని. నల్లటి గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసిన గొట్టాల గుత్తిని. ఇంజన్ గాలి పీల్చుకునేది నా గుండానే. మీరు తెలిసినట్టు తల ఆడిస్తారు గానీ, మీ బండిలో నాలాంటిది ఎక్కడుందో చూపించమంటే నీళ్ళు నములుతారు. బండి కొనేటప్పుడు రంగు చూస్తారు, పాటలు మోగుతాయో లేదో చూస్తారు. అది ఊపిరి ఎలా తీస్తుందో మీకు అక్కర్లేదు. మీ జాతి మీద నాకు ప్రేమ లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నొచ్చుకోవద్దు.

ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో అచ్చులోంచి వేడివేడిగా ఊడిపడ్డాను. నన్ను బిగించిన బండిని మొదట ఒక బ్యాంకు ఉద్యోగి కొన్నాడు. ఆదివారం వస్తే చాలు, బండిని మెత్తటి గుడ్డతో తుడిచి మురిసిపోయేవాడు. అదంతా పైపైన. బానెట్ ఎత్తితే చేతులు మురికవుతాయట. తర్వాత పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే ఆయన చేతిలో పడ్డాం. ఆయన దయవల్ల ఒక ఎలుక నా పక్కనే కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నది. వాళ్ళిద్దరినీ ఇప్పుడు తలుచుకుంటే మంచివాళ్ళే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత వచ్చినవాడు సన్యాసిరావు.

సన్యాసిరావుది అనకాపల్లి అవతల ఒక పల్లె. తెల్లవారక ముందే ఊళ్ళో ఆడవాళ్ళను ఎక్కించుకుని దూరాన ఉన్న రొయ్యల షెడ్డులో దింపడం, సాయంత్రం తిరిగి తేవడం అతని పని. ఆ వేళకు బస్సు లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను షెడ్డులో సూపర్‌వైజరు లోపలికి రానివ్వడు. అంటే ఈ బండి ఎక్కితేనే పని, పని ఉంటేనే కూడు.

ఆ ఆడవాళ్ళలో పోలమ్మ ఒకతె. సన్యాసిరావు పొరుగింటి మనిషి, మొగుడు పోయినది. ఇతను బండి కొన్న కొత్తలో ఎవరూ ఎక్కకపోతే, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టి తెచ్చింది ఆమే. అప్పట్లో నోరారా వదినా అని పిలిచేవాడు.

దసరా వచ్చింది. బండ్లకు పూజలు. సన్యాసిరావు ముందురోజే బంపరుకు వెండిరంగు వేయించాడు. అందరూ కొబ్బరికాయను బండి ముందు నేల మీదో, బంపరు అంచునో కొడతారు. నేల మీద కొడితే ఇతని భక్తి ఎవరికి కనబడుతుంది? బంపరు మీద కొడితే రంగు పోతుంది. బానెట్ ఎత్తాడు. లోపల అన్నిటికన్నా పైన, నల్లగా, దిట్టంగా నేను కనబడ్డాను. ఇనుమనుకున్నాడు. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టి, చెయ్యెత్తి కొట్టాడు.

మొదటి దెబ్బకు కాయ పగల్లేదు. నేను పగిలాను.

రెండో దెబ్బకు కాయ చక్కగా రెండు చెక్కలయింది. అందరూ శుభం అన్నారు. పోలమ్మ చెయ్యి బుగ్గన పెట్టుకుని, "ఎంత ముద్దుగుంది సన్యాసీ నీ బండి, పెళ్ళికూతురు నాగుంది" అంది. పాపం, మనసులో ఉన్నమాట పైకి అంది. ఆ పని ఎప్పుడూ చేయకూడదు, ముఖ్యంగా మనుషుల మధ్య.

మర్నాటి నుంచి నేను ఈల వేయడం మొదలుపెట్టాను. పగులులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది, గట్టు ఎక్కేటప్పుడు చతికిలపడేది. సన్యాసిరావు ఏం చేశాడనుకున్నారు? బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. వెనకాల పాత చెప్పు వేలాడదీశాడు. అవి నన్ను అతికిస్తాయా? ఇంజన్ ఇంకా వణుకుతుంటే, దసరా నాడు బండిని మెచ్చుకున్నది ఎవరా అని గుర్తు చేసుకున్నాడు. ఒక తెల్లవారుజామున పోలమ్మ ఎక్కబోతుంటే తలుపుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కకు పోలమ్మా. నీ సూపు పడ్డకాణ్ణించీ బండి సతాయిస్తంది."

వదిన పోయి పోలమ్మ మిగిలింది, విన్నారా?

"నాను సూస్తే ఇంజిను పాడయిపోద్దేటి బాబూ? నా కళ్ళకంత బలముంటే నా బతుకిలాగుంటాదా? నువ్వు దింపేస్తే నా పని పోద్ది" అందామె. లోపల కూర్చున్న ఆడవాళ్ళు ఒళ్ళోని క్యారేజీలు సర్దుకున్నారు. అందరూ ఆమె పిలిచి తెచ్చినవాళ్ళే. బండి కదిలింది. ఆ దారి పొడవునా నేను ఎంత గట్టిగా ఈల వేశానో నాకే తెలుసు.

పోలమ్మ నడిచి వెళ్ళేసరికి ఆలస్యమైతే రొయ్యల షెడ్డులో ఆమె పేరు తీసేశారు. వచ్చే సోమవారం నుంచి బండిలో వేళకు వస్తే మళ్ళీ పెట్టుకుంటానని మాత్రం సూపర్‌వైజరు అన్నాడట. ఆ సంగతి ఆడవాళ్ళు బండిలో గుసగుసలాడుకుంటే విన్నాను. సన్యాసిరావూ విన్నాడు. అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు.

సోమవారానికి ముందే బండి మొరాయించింది. తోసుకుంటూ త్రినాథ షెడ్డుకు తెచ్చారు. త్రినాథ ఆ దారిలో ఉన్న ఒక్కగానొక్క మెకానిక్. ఎలాగో ఇంజన్ నడిపించి, దొంగగాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవడానికి నా చుట్టూ స్ప్రే కొట్టాడు. పగులు దగ్గరకు రాగానే ఇంజన్ గొంతు మారింది. బోల్టులు విప్పి నన్ను బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూశాడు. పగులులో కొబ్బరిపీచు ఇరుక్కుని ఉంది, దాని మొదట్లో ఇంకా పసుపు.

త్రినాథ సన్యాసిరావు మొహంలోకి చూశాడు. సన్యాసిరావు నన్ను చూశాడు. తెలిసిపోయింది. ఆ క్షణాన నాకు సిగ్గులేకుండా ఆశ పుట్టింది. ఇప్పుడైనా పరుగెత్తుకెళ్ళి ఆమెను పిలుస్తాడనుకున్నాను. అతను గోటితో పీచు లాగి, వేళ్ళ మధ్య ఉండచుట్టి, కింద పడేశాడు.

"పోలమ్మకి సెప్తావా మరి?" అన్నాడు త్రినాథ. ఆమెను దింపేసిన కబురు అప్పటికే అతని దాకా వచ్చింది.

"ఏటని సెప్పమంటావు? నా బండిని నానే కొట్టుకున్నానని సెప్పనా? ఆడోళ్ళందరూ పడీపడీ నవ్వుతారు. కొత్తది కొనలేను గానీ, తక్కువలో పనయ్యేలా సూడు."

త్రినాథకు చేతికొచ్చిన బేరం కావాలి. పాత సామాన్ల కొట్టుకు వెళ్ళి, నాలాంటి పాతవాటిలో ఒకదాన్ని ఏరి, గొట్టాల మూతులు మూసి నీళ్ళు పోసి కారడం లేదని చూసుకున్నాడు. పాతది వేసినా, గాలి దూరకుండా అతుకుల మధ్య పెట్టే గాస్కెట్లు కొత్తవే ఉండాలని పట్టుబట్టి అవి మాత్రం కొనిపించాడు. గాస్కెట్ల దగ్గర ఉన్న నిజాయితీ మనుషుల దగ్గర లేకపోయింది. పని మాత్రం బాగా చేశాడు. సోమవారానికి ఇంజన్ నున్నగా నడిచింది. తలుపు దగ్గర నిలబడి సన్యాసిరావు ఆడవాళ్ళతో అన్నాడట: "సూసేరా? ఆవిణ్ణి దింపేసేను, బండి బాగుపడింది." వాళ్ళు నమ్మారు. ఊరూ నమ్మింది.

నన్ను త్రినాథ షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. నా గొట్టాల్లో త్రినాథ పాత నట్లు వేస్తాడు. ఇక్కడి నుంచి రోడ్డంతా కనబడుతుంది.

మళ్ళీ దసరా వచ్చింది. సన్యాసిరావు బండిని పూజకు ఇక్కడికే తెచ్చాడు. బానెట్ ఎత్తాడు. నా చోట ఉన్నదానికి వేలికొసతో, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా బొట్టు పెట్టాడు. తర్వాత కొబ్బరికాయ తీసుకుని, బండికి దూరంగా నడిచి, గుమ్మం ముందున్న రాయి మీద కొట్టాడు.

సరిగ్గా అప్పుడే పోలమ్మ నెత్తిన తోటకూర గంపతో రోడ్డు మీద వస్తోంది. ఎత్తిన బానెట్‌ను, బండిని చూసింది. చప్పున ఆగి, తల అటు తిప్పుకుని, తన చూపు పడకుండా కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుని, రోడ్డు అవతలి అంచున గబగబా దాటిపోయింది.

నిజం తెలిసి, నోరున్న మనుషులు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఇద్దరూ కొబ్బరిముక్క నములుతున్నారు.