చిట్లకూడని మిరపకాయ

హోంలో పిల్లలందరూ ఆమెని వంటక్క అనేవాళ్ళు. ఆమెకూ ఒక పేరు ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ పనిపడి చాలాకాలమైంది. నోరు పెద్దదే, చెయ్యి అంతకన్నా పెద్దది. తిడుతూనే రెండో గరిట వడ్డించే రకం. పిల్లలందరూ తనకి ఒకటేనని ఊరికే అంటుండేది. అది పచ్చి అబద్ధమని ఆ వంటింటి పిల్లిక్కూడా తెలుసు.

ఆమె పంచప్రాణాలూ ఒక అక్కా తమ్ముడి మీదే ఉండేవి. వాళ్ళని తెచ్చి అక్కడ వదిలిన రోజున వాడు పాలుతాగే పసిగుడ్డు. అక్క వాణ్ణి ఎత్తుకోబోయి తనే కిందపడే వయసుది. వాడికి చెంచాతో పాలు పట్టింది వంటక్కే, దానికి జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ తెల్లార్లూ కూర్చున్నదీ వంటక్కే. వయసుకి మించిన మాటలాడుతుందని పిల్లకి ఆరిందా అనీ, బొద్దుగా ఉంటాడని పిల్లాడికి బుడంకాయ అనీ ఆమే పేర్లు పెట్టింది. ఆరిందా ఏడవగా చూసినవాళ్ళు లేరు. మోకాలు చెక్కుకుపోయినా పళ్ళు బిగించి మందు తనే రాసుకునేది. వంటక్క ఒళ్ళోకి లాక్కోబోతే తమ్ముణ్ణి ముందుకి తోసి తను పక్కకి జరిగేది.

ఆ ఇద్దర్నీ పెంచుకుంటామని కరీబియన్ సముద్రంలోని ఏదో దీవి నుంచి ఒక జంట ముందుకొచ్చింది. ఆవిడ బళ్ళో టీచరు, ఆయన పడవలు బాగుచేసే మెకానిక్కు. పనులన్నీ ఒక కొలిక్కి వచ్చాక వార్డెన్ మేడం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పిల్లలు ఒక్కసారిగా అంతదూరం వెళ్తే బెంగపెట్టుకుంటారు. అక్కడి తిండీ తీరూ కాస్త ముందే అలవాటు చేద్దాం. ఆదివారం పూట ఆ వంట పిల్లలతో కలిసి నువ్వు చెయ్యి. ఆవిడ వీడియోలో చూపిస్తారు, నేను తెలుగులో చెప్తాను," అంది.

"అంటే పంపించేదీ మీరే, పోపెట్టించేదీ మీరేనన్నమాట. మధ్యలో గరిట నాది," అంది వంటక్క.

మేడం కావాల్సిన సరుకుల చీటీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మొదటి ఆదివారం బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టారు. తలకి పసుపుపచ్చ గుడ్డ చుట్టుకుని, గది దద్దరిల్లేలా నవ్వే మనిషి అందులో కనిపించింది. కొబ్బరి కోరించింది, పాలు పిండించింది. ఆ పాలల్లో ఎర్రటి చిక్కుడు గింజలు, బియ్యం కలిపి వండే అన్నం అది. వాళ్ళ దీవిలో ఆదివారం మధ్యాహ్నం ఏ వీధిలో నడిచినా ఈ వాసనేనట. ఆ గింజల్ని వాళ్ళు బఠాణీలంటారని మేడం చెప్పగానే, "మరి బఠాణీల్నేమంటారో, బంగాళాదుంపలనా?" అంది వంటక్క. బుడంకాయ పడీపడీ నవ్వాడు. ఆవిడ పంపిన పొట్లంలో ఎండిన చిట్టి ఆకులూ, మిరియంలా కనబడుతూ లవంగంలా గుబాళించే గింజలూ ఉన్నాయి. వాటిని వాసన చూడ్డానికి పిల్లలు పోట్లాడుకున్నారు.

ఇక అసలుది మిరపకాయ. బుగ్గలు సొట్టలు పడ్డ బుల్లి గుమ్మడికాయలా ఉంటుంది. అలాంటిదాని కోసం వంటక్క బజారంతా గాలించింది. దాన్ని తరగరు, గిల్లరు. ఉడుకుతున్న అన్నం మీద నిండుకాయని అలాగే ఉంచుతారు. వాసన మాత్రమే గిన్నెలోకి దిగాలి. చిట్లిందా, ఇక ఆ అన్నం కుక్కయినా ముట్టదు. దించాక కాడ పట్టుకుని తీసెయ్యాలి. చిన్నప్పుడు తమ ఇంట్లో ఆ కాయకి కాపలా తనదేనని చెప్పి, ఇప్పుడా పని ఆరిందాకి అప్పగించింది ఆవిడ. ఆరిందా పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, గరిట ఆ కాయకి తగలకుండా అంచుల్లోనే కదుపుతూ, బ్యాంకు ముందు కాపలావాడిలా కూర్చుంది.

వారం వారం వంటతోపాటు ఊరూ కొంచెం కొంచెం వచ్చి ఆ వంటింట్లో చేరింది. ముగ్గిన పెద్ద అరటికాయలు వేయిస్తూ తుఫాను కబుర్లు విన్నారు. అక్కడ కొట్లోకెళ్ళినా, బస్సెక్కినా ముందు అందర్నీ పలకరించాలట. పలకరించకపోతే పెంపకం సరిగ్గా లేదనుకుంటారట. అది విన్న దగ్గర్నుంచీ బుడంకాయ వంటింట్లో అడుగుపెట్టినప్పుడల్లా గిన్నెలకి కూడా గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్పడం మొదలెట్టాడు. ఆరిందా అడిగే ప్రశ్నలన్నీ ఆ దీవి గురించే. అక్కడ బడి దూరమా, తమ్ముడూ నేనూ ఒకే గదిలో పడుకోవచ్చా అని. వంటక్కకి ఒళ్ళు మండేది. కావాలనుకుంటే మాడ్చచ్చు, ఉప్పు ఎక్కువేయచ్చు. ఏం చేస్తాం, ఆ చేతికి వంట తప్ప కుట్ర రాదు. ప్రతి ఆదివారం అన్నం పొడిపొడిగా, కమ్మగా కుదిరేది. పిల్లలు వేళ్ళు నాకేవాళ్ళు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని ఆమెకి తెలుస్తూనే ఉండేది.

చెయ్యి మాట వినలేదు గానీ నోరు విన్నది. ఒకరోజు కొబ్బరి తురుముతూ, "ఇదంతా మీకోసం చేయిస్తున్న చప్పిడి కూడే. వాళ్ళ అసలు కారం తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. తినలేనివాళ్ళని తిప్పి పంపేస్తారట," అంది.

ఆరిందా చెయ్యి ఆగిపోయింది. "ఇద్దర్నీనా?"

"ఏమో మరి."

హాస్యానికి అన్నట్టే అంది. కానీ హాస్యం కాదని ఆమెకి తెలుసు.

చివరికి ఆ జంట దిగనే దిగింది. ఆదివారం భోజనం పిల్లల చేతి వంట. సోమవారం దత్తత ఆఫీసువాళ్ళు వచ్చి ఆరిందాని విడిగా కూర్చోబెట్టి, వెళ్తావా అని అడుగుతారు. పిల్ల కాదంటే ఎవరూ బలవంతం చెయ్యకూడదని మేడం చెప్పింది. ఆ ఒక్క మాట వంటక్క చెవిలో జోరీగలా తిరిగింది. కాదంటే చాలు. ఇద్దరూ ఇక్కడే, ఈ వంటింట్లోనే ఉంటారు.

గేటు దగ్గర కారు చప్పుడవగానే బుడంకాయ అక్కని చెయ్యిపట్టి లాక్కుపోయాడు. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. పైన ఎర్రటి కాయ నిండుగా ఉంది. వంటక్క గరిట తిరగేసి ఒక్క నొక్కు నొక్కింది. గింజలు చెదిరాయి. అడుగు దాకా కలియబెట్టింది. ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఉండమనలేక కారం పెట్టింది మాత్రం ఈమె ఒక్కతే. అమ్మగా ఉండే హక్కు తనకి ఎవరూ ఇవ్వలేదు, ఉండమని అడిగే హక్కు ఎక్కడిది?

ఆరిందా తిరిగొచ్చి స్టూలెక్కి గిన్నెలోకి చూసింది. తర్వాత వంటక్కని చూసింది. వంటక్క అటు తిరిగి గరిట కడుక్కుంది.

భోజనాల దగ్గర బుడంకాయ మొదటి ముద్దకే కెవ్వుమన్నాడు. ఆ మెకానిక్కాయన వాణ్ణి ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. మేడం మొహం పాలిపోయింది. ఆరిందా మాత్రం తింటోంది. రెండో ముద్ద, మూడో ముద్ద. చెవులు కందిపోయాయి, ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. "బాగుంది," అంది. తమ్ముడి కంచం కూడా తన వైపు లాక్కుంది. "వాడిది కూడా నేను తినేస్తా. వాడికి కూడా అలవాటైపోతుంది, నేను చేయిస్తాను," అని మేడంతో అంది.

"చాల్లే, ఆపవే!" అని గుమ్మంలోంచి అరిచింది వంటక్క. ఆరిందా ఆగలేదు.

ఆ దీవి ఆవిడ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉలిక్కిపడింది. కంచాలు అవతలికి తోసేసి పిల్లని అమాంతం ఒళ్ళోకి లాక్కుంది. పక్కకి జరగడానికి ఆరిందాకి ఓపిక లేకపోయింది. ఆవిడ మెడలో మొహం దాచుకుని బావురుమంది. కారానికి వచ్చే ఏడుపు అంతసేపుండదు. పుట్టినప్పట్నుంచీ దాచుకున్నదంతా అప్పుడే కక్కేస్తున్నట్టు ఏడ్చింది. ఆవిడ ఏదో పాట గొంతులోనే కూనిరాగం తీస్తూ అటూ ఇటూ ఊపింది. ఇన్నేళ్ళుగా తన ఒళ్ళో ఒక్కసారీ కూర్చోని పిల్ల అక్కడ అలా ఒదిగిపోవడం వంటక్క కళ్ళారా చూసింది. ఆ ఒళ్ళోకి తోసింది తనే.

"కాయ ఎవరు చిదిపారు?" అంది మేడం, వంటక్క వైపు చూస్తూ.

ఆరిందా తలెత్తింది. "నేనే మేడం. గరిట తగిలింది."

మేడం ఆ మాట చెప్పగానే ఆ దీవి ఆవిడ పకపకా నవ్వింది. చిన్నప్పుడు తనూ ఎన్నోసార్లు చిదిపానని చెప్పి పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

అందరూ లేచాక వంటక్క గిన్నెలు తోముతోంది. ఆరిందా కంచాలు తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. పెదాలు ఇంకా వాచే ఉన్నాయి.

"నేను చేసిన పనికి నువ్వెందుకు అబద్ధమాడావే?" అంది వంటక్క తల తిప్పకుండానే.

"నిజం చెప్తే నిన్ను పన్లోంచి తీసేస్తారుగా."

"నిన్ను తిట్టరా మరి?"

"నన్ను తిడితే ఏముంది? మేం వెళ్ళిపోతాం కదా, వంటక్కా. ఇక్కడ ఉండాల్సింది నువ్వేగా."

ఆ గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. పెద్దవాళ్ళెవరో చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టుంది. రేపు ఆఫీసువాళ్ళు అడిగితే ఏం చెప్తావని అడుగుదామనుకుంది వంటక్క. ఇక అడగడానికేం లేదు.