మర్యాదకి అన్న మాట

టైలరమ్మ కొంప ముంచింది టీకా కాదు, మర్యాద. టీకా తీసుకుపోయింది కాళ్లూ చేతులే. మిగిలిందంతా మర్యాద పట్టుకుపోయింది.

టీకా వేయించుకున్న మూడో రోజు పొద్దున్నే మంచం దిగబోతే కాళ్లు మాట వినలేదు. మధ్యాహ్నానికి చేతులు కూడా వాటితో జట్టు కట్టాయి. అన్న భార్య, అంటే ఆమె వదిన, అదే వరుసలో నిలబడి అదే మందు వేయించుకుంది. ఆవిడకి సూది గుచ్చిన చోట నొప్పి కూడా లేదు. లక్షల్లో ఒకరికి ఇలా నరాలు దెబ్బతింటాయని, ఆ ఒక్కరూ ఈవిడేనని పెద్ద డాక్టరు తేల్చాడు. తక్కినవాళ్లంతా బాగున్నందుకు టైలరమ్మకీ సంతోషమే. తనూ బాగుంటే ఇంకాస్త సంతోషించేది.

ఆ మూడో రోజు సాయంత్రమే టీకా కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. వదిన దాన్ని ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

"బాగున్నారా అమ్మా?" అంది అవతలి అమ్మాయి.

ఎవరైనా అలా పలకరిస్తే ఏమంటాం? "ఆ, బాగున్నామమ్మా. నువ్వు బాగున్నావా?" అంది టైలరమ్మ. అసలు సంగతి చెప్పడానికి గొంతు సవరించుకునేలోపు ఫోన్ పెట్టేసింది ఆ పిల్ల. ఇంకా మూడు వందల మందిని పలకరించాలి, పాపం. రికార్డులో మాత్రం 'లక్షణాలు లేవు' అని ఎక్కింది.

వైద్యం కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తుని టీకా శాఖ కమిటీ ఆ ముక్క పట్టుకునే తిరగ్గొట్టింది. ఇది టీకా వల్లే అని కమిటీ కాగితం ఇస్తే తప్ప నరాల ఆసుపత్రిలో చేర్చుకోరు. ఏడాదిలోపు వైద్యం మొదలుపెడితే వేళ్లు కదలొచ్చు, ఆ తర్వాత ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. రెండోసారి విచారణ రోజు వచ్చేసరికి ఆ ఏడాదిలో పదకొండు రోజులే మిగిలాయి.

ఉచిత న్యాయ సహాయం ఆఫీసు మెట్ల కింద గది. బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచిన అట్టముక్క. అక్కడి లాయరమ్మ మూడు వారాల పాటు టైలరమ్మకి ఒకే పాఠం చెప్పింది.

"బాగున్నారా?"

"బాగున్..."

"అదిగో!"

"అలవాటమ్మా. అడిగినవాళ్ల మొహం మీదే బాగాలేనని ఎలా అంటాం?"

"మీ వదినని తిడతారు చూడండి, ఆ నోటితోనే అనండి."

వదిన పకపకా నవ్వింది. "దాని నోటి జోరంతా నా దగ్గరే లాయరమ్మా. బయటివాళ్ల ముందు పిల్లి."

విచారణ రోజు అధికారి ఫైలు తెరుస్తూ అడగనే అడిగాడు. "బాగున్నారా అమ్మా?"

"లేదండి. బాగాలేను. కాళ్లూ చేతులూ పనిచేయవు. సూదిలో దారం ఎక్కించి ఏడాది కావస్తోంది."

లాయరమ్మ మొహం వెలిగిపోయింది. డాక్టరు కాగితాలు చూపించింది. ఫోనులో అన్నది ఉట్టి పలకరింపేనని చెబితే అధికారి తల కూడా ఊపాడు. టైలరమ్మకి ఏడాదిలో మొదటిసారి ఆశ పుట్టింది.

అప్పుడు టీకా శాఖ తరఫు లాయరు లేచాడు. తల పండిన పెద్దమనిషి. అరుస్తాడేమోనని ఆమె బిగుసుకుంది. ఆయన అరవలేదు. ఆమె పెదాలు ఎండిపోవడం చూసి, తనే గ్లాసుతో నీళ్లు తెచ్చి నోటికి అందించాడు. కాసిని మీద ఒలికితే రుమాలిచ్చి వదినని తుడవమన్నాడు. పరాయి మనిషి ఇంత దయ చూపించి ఎన్నాళ్లయిందో. టైలరమ్మకి కళ్లు చెమర్చాయి.

"అయ్యో, తడిసిపోయారే. ఇబ్బందిగా ఉందా అమ్మా?"

"అబ్బే, ఇబ్బందేం లేదు బాబూ. పర్లేదు."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి టైపిస్టు వైపు తిరిగాడు. "ఇబ్బందేం లేదని స్వయంగా చెప్పారు. రాసుకోండి."

లాయరమ్మ ఎగిరి లేచింది. "అది నీళ్ల గురించి సార్! మర్యాదకి అన్న మాట!"

"ఫోనులోనూ మర్యాదే, ఇక్కడా మర్యాదే," అన్నాడు అధికారి, నవ్వాపుకుంటూ. "మరి నిజం ఎప్పుడు చెబుతారమ్మా ఈవిడ?"

దరఖాస్తు కొట్టేశారు. అప్పీలుకి పైకి వెళ్తే విచారణకి మూడు నెలలు పడుతుందన్నారు.

టైపిస్టు కాగితం తెచ్చి సంతకం అడిగాడు.

"చేతులు పనిచేయవని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాం కదయ్యా!" అంది వదిన.

"వేలిముద్ర చాలండి."

వదిన వంగి మరదలి బొటనవేలు ఎత్తింది. సిరాలో అద్ది, 'ఇబ్బందేం లేదు' అన్న వరుస కిందే ఒత్తింది. వదిన కన్నీళ్లు పడితే పాడైపోతుందని టైపిస్టు కాగితం చప్పున లాక్కున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా, నా ఉద్యోగం ఇది," అన్నాడు.

టైలరమ్మ పళ్లు బిగబట్టింది. అయినా నోరు ఆగలేదు.

"పర్లేదు బాబూ," అంది.