చాచిన చెయ్యి

రాత్రి పడిన జల్లుకి టెన్నిస్ కోర్టులో అక్కడక్కడా నిలిచిన నీళ్లని మాణిక్యం గోనెపట్టాతో అద్ది బకెట్లోకి పిండుతోంది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పైన మగవాళ్ల చొక్కా తొడుక్కుని, కాన్వాసు బూట్లతో తిరిగే ఈ యాభై ఏళ్ల మనిషిని అమలాపురం క్లబ్బులో ఎవరూ పనిగట్టుకుని చూడరు. సభ్యులకి జోడీ దొరకనప్పుడు ఎదుట నిలబడి ఆడే మార్కరు ఆమె. ముందు ఆ పని భర్తది; ఆయన పోయాక ఆమెకి వచ్చింది.

పెళ్లికి ముందు అంబాజీపేటలో కొబ్బరి పీచు కొట్టేది. నానిన కొబ్బరి డొక్కల మీద కర్ర వేస్తుంటే తల్లి వెనకనుంచి అనేది: "చెయ్యి మడిచేవంటే మజ్జాన్నానికే మోచెయ్యి పట్టేద్దే. భుజంతో కొట్టు." రాకెట్టు పట్టాక కూడా ఆ చెయ్యి మడత ఎరగలేదు. ఫోర్‌హ్యాండ్ కొడితే భుజం నుంచి మణికట్టు దాకా ఒకటే గీత.

సాయంత్రం పిల్లలు వచ్చారు. వాళ్ల వెనకే కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన కోచ్ వినయ్, క్లబ్బు సెక్రటరీ నరసింహమూర్తి.

"చాచి కొట్టాలంటే బంతిని బాగా ముందే అందుకోవాలండీ," అన్నాడు వినయ్. "పిల్లలకి కాళ్లు అంత వేగంగా కదలవు. కాస్త మడిస్తే బంతి మీదికొచ్చేసినా సర్దుకోవచ్చు. మిమ్మల్ని చూసి వాళ్లూ చాచేస్తున్నారు."

"నిజమేనండీ. పిల్లల్ని మడవమనే చెప్తాను, ఆయ్."

"చెప్తూ నువ్వు చాచితే ఎవరు వింటారు?" అన్నాడు సెక్రటరీ. "నేను నోట్లో చుట్ట పెట్టుకుని మావాణ్ని చుట్ట మానెయ్యమన్నట్టుంది. ఇవాళ తేల్చెయ్యి మాణిక్యం. మడిచి ఆడితే ఉండు. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం."

వినయ్ సంచిలోంచి నల్లపట్టీ తీసి ఆమె మోచేతికి బిగించాడు. అది చెయ్యిని పూర్తిగా చాచనివ్వదు. ఆమె ఆడింది. బంతి గీతలోపల పడింది. మరొకటి. ఇంకొకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"చూసేరా, ఎంత సుళువో," అన్నాడు వినయ్.

"సుళువేనండీ." ఆమె పట్టీ విప్పింది. "కాకపోతే అవి నేను కొట్టినవి కాదు."

"పని పోతుంది, తెలుసా?" అన్నాడు సెక్రటరీ.

"తెలుసండీ. పెద్దలు గెలవాలంటే ఓడిపోయేను. అందేలా వెయ్యమంటే అందేలానే వేసేను. ఈ చెయ్యి మాత్రం అడక్కండి."

ఆమె వినయ్ వైపు తిరిగింది. "కాసిని బంతులు వెయ్యండి బాబూ."

మొదటిది నెట్‌కి తగిలింది. రెండోది వెనక కంచె దాటిపోయింది. ఎవరో పిల్ల కిసుక్కుమంది. మూడోది భుజం నుంచి బయలుదేరి గీత పక్కన పడింది. వినయ్ దాన్ని తేలిగ్గానే తిప్పికొట్టాడు. ఆమె మళ్లీ చెయ్యి చాచింది. వెలుతురు పోయేదాకా చాచే కొట్టింది.

తరవాత బంతులు బుట్టలోకి ఏరింది. గోనెపట్టా ఆరేసింది. గది తాళంచెవి సెక్రటరీ చేతిలో పెట్టి, "వస్తానండీ" అని, రావులపాలెం బస్సు పట్టుకోవడానికి గేటు దాటింది.

నెట్ గుంజకి తగిలించిన నల్లపట్టీ, లోపల చెయ్యి లేకపోయినా, మోచేతి దగ్గర మడిచే ఉంది.