ముత్యం తోకవెంట్రుక

నాచారంలో నా పేరు తెలియనివాళ్లకు కూడా నా గుర్రం తెలుసు. పెళ్లికొడుకులను ఊరేగించే తెల్ల ఆడగుర్రం, ముత్యం. పులిపిరులు లేచినవాళ్లు దాని తోకవెంట్రుక కోసం నా పాక దగ్గరికి వస్తారు. వెంట్రుకతో బిగించి కడితే పులిపిరి నాలుగు రోజులకు ఎండి రాలిపోతుంది. నేను ఎవరికీ లేదనలేదు. అందుకే పోయిన దసరాకు ముత్యం ముందుకాలి వెనక, జీను పట్టీ కట్టే చోట శనగగింజంత కాయ కనిపిస్తే, దాని వెంట్రుకే పీకి దానికే కట్టాను. రాలిపోయింది. నేను మీసం తిప్పుకున్నాను.

మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యేసరికి అదే చోట నిమ్మకాయంత లేచింది. పట్టీ రాసుకుని రక్తం కారుతోంది. నా భార్య సత్తమ్మ పోరు పడలేక, ఆమెనూ వెంటబెట్టుకుని గుర్రాన్ని ఉప్పల్ తీసుకుపోయాను. అక్కడ పశువుల డాక్టరు ప్రవీణ, నా చెల్లెలి బిడ్డ వయసుది. ఆ పిల్ల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. తోలు కింద కండకు వచ్చే క్యాన్సర్ అని, చుట్టూ మంచి కండతో కలిపి కోసి, ఆ తర్వాత అంచుల్లో సూదిమందు వేయాలని చెప్పింది. చివర్లో ఒక మాట అడిగింది.

"దీన్ని ఇంతకుముందు ఎవరన్న గిల్లుడు, కోసుడు, కట్టుడు జేసిన్రా అన్నా?"

ఎందుకడుగుతోందో నాకు వెంటనే తెలిసిపోయింది. రేపు ఏదన్నా అయితే నేరం నా నెత్తిన పెట్టి చేతులు కడుక్కోవడానికే. ఎవరూ ముట్టలేదని చెప్పాను. సత్తమ్మ నా వైపు చూసింది, నేను గుర్రం వైపు చూశాను.

కోత బాగానే అయింది. సూదులు మొదలయ్యాక నాకు తిక్క లేచింది. డాక్టరమ్మ ఒక తొడుగు మీద ఇంకో తొడుగు వేసుకుంటుంది, నన్ను దూరంగా నిలబెడుతుంది. కొన్ని రోజులదాకా లద్దె, ఉచ్చ ఉత్త చేతులతో ఎత్తొద్దంటుంది. తన చేతికి అంటితేనే భయపడే మందును నా గుర్రం ఒంట్లోకి ఎక్కిస్తోందంటే ఏమనుకోవాలి? నా గుర్రం మీద పని నేర్చుకుంటోందనుకున్నాను. మేడిపల్లిలో నాకు పోటీగా పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పే ఉమాశంకర్ ఈమెకు చుట్టమేమో అని కూడా అనుకున్నాను. అనుమానం పెనుభూతమని సత్తమ్మ ఊరికే అనలేదు.

మూడో సూది వేసిన వారానికి పొట్ట కింద ఇంకో గింజ చేతికి తగిలింది. ఆ మందే కొత్తవి మొలిపిస్తోందని తేల్చేశాను. డాక్టరుకు చెప్పలేదు. ఇంకో వెంట్రుక పీకి కట్టాను. వద్దంటూనే సత్తమ్మ పగ్గం పట్టుకుంది.

మూడో రోజున కోసిన చోట అంచు మళ్లీ ఉబ్బింది. ఇక డాక్టరమ్మ దొరికిందనుకుని ముత్యాన్ని, సత్తమ్మను బండి ఎక్కించి ఉప్పల్ పోయాను. నా గుర్రాన్ని ఖరాబు చేశావని నలుగురూ వినేలా అరిచాను. ఆమె లోపలికి పోయి, కోసి తీసిన కండ మొత్తాన్ని పరీక్షించిన కాగితం ఆ రోజే వచ్చిందని తెచ్చి నా ముందు పెట్టింది.

"అండ్ల పాత గాయం మచ్చ ఉన్నదని రాసిన్రు. ఎవరో ఒకసారి తెంపిన్రు. సగం తెంపితే గిది లోపల్లోపల వేర్లు పాకుతది. ముందే తెలిస్తే రెండు వేళ్లు ఎక్కువ కోసేదాన్ని. నువ్వు ఎవ్వరు ముట్టలేదంటివి, నేను కొత్తదాని లెక్కనే కోసిన."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

"మళ్ల గొయ్యాలె అన్నా. నిజం జెప్పు, కట్టినవా?"

"కట్టిన."

"ఇంకేమన్న ఉన్నదా?"

లేదనొచ్చు. పొట్ట కింద గింజ వెంట్రుకల్లో కనపడదు. ఆమె ఒక్క చోటే కోసి పంపిస్తుంది, నా పరువు నాకుంటుంది. ముత్యం మూతి తెచ్చి నా భుజానికి రాసింది. దానికి నా మీద ఏ అనుమానమూ లేదు. ఏడుపు ఆగలేదు నాకు. వంగి పొట్ట కింది వెంట్రుకలు పాయదీసి చూపించాను. ముడి కండలోకి దిగి చుట్టూ ఎర్రగా వాచింది.

డాక్టరమ్మ కింద కూర్చుని చాలాసేపు చూసింది. కత్తెరతో ముడి తెంచింది.

"కట్టి ఎన్ని దినాలైంది?"

"మూడు దినాలే."

ఆమె తల తిప్పి సత్తమ్మను చూసింది. "మూడేనా వదినా?"

సత్తమ్మ అవునన్నాకే తొడుగులు వేసుకుంది. ఆ తర్వాత నన్ను ఇంకేమీ అడగలేదు. ముత్యం ఒంటిని తోక నుంచి చెవులదాకా ఇంకా ఎక్కడన్నా గింజలున్నాయేమోనని తానే వేళ్లతో తడుముకుంటూ పోయింది.