ఒకే బండి, రెండు జీతాలు

ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో సముద్రం దాటి వచ్చాక డ్రైవరుకు దొరికిన తోడు ఒక్కడే. నీళ్ల ట్యాంకరులో పక్క సీటులో తుపాకీతో కూర్చునే పొడుగాయన. డ్రైవరు పటాలమంతా కొండ అవతల ఉంది. బండి నడపడం వచ్చు కదా అని అతనొక్కణ్ణే ఇక్కడ వేశారు. పొడుగాయనది వేరే దేశం. సైగలూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిపి ఇద్దరూ కబుర్లు నెట్టుకొచ్చేవాళ్లు. మధ్యాహ్నం బానెట్ మీద రొట్టె చెరిసగం. డ్రైవరు పాట ఎత్తుకుంటే పొడుగాయన చెవులు మూసుకుని దణ్ణం పెట్టేవాడు.

ఒకరోజు జీతం పడ్డట్టు ఫోన్లో మెసేజ్ వచ్చింది. మామూలు జీతానికి తోడు విదేశీ భత్యం. ఆ భత్యమే జీతానికి రెండింతలు. ఆనందం పట్టలేక డ్రైవరు దాన్ని డాలర్లలోకి మార్చి చూపించాడు.

పొడుగాయన చాలాసేపు చూశాడు.

"నెలకా?"

"నెలకే."

"నాకు ఇందులో పావు. అదీ ఇంటికెళ్లాకే ఇస్తారట." స్టీరింగు మీద తట్టాడు. "అదే బండి. అదే దారి. మందుపాతర పేలితే ఇద్దరం పోతాం."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది డ్రైవరుకు.

మర్నాటి నుంచి పొడుగాయన టైరు నీడన విడిగా తిన్నాడు. డ్రైవరు క్యాంటీనులో రాత్రి చలికి మంచి కోటు కొని సీటు మీద పెట్టాడు. పొడుగాయన దాన్ని మడత నలగకుండా పక్కకు జరిపి కూర్చున్నాడు.

ఉండబట్టలేక డ్రైవరు ఆఫీసరుని అడిగాడు. "ఆయనకెందుకు సార్ అంత తక్కువ?"

"ఎవరి సర్కారు లెక్క వాళ్లది. నీ పొయ్యి వెలుగుతోందిగా, ఊరందరి గొడవా నీకెందుకయ్యా?"

ఆ సాయంత్రం భార్య ఫోన్ చేసింది. "డబ్బు పడిందండీ! వంటింటికి కప్పు వేయిస్తున్నా. ఏంటి, గొంతు అలా ఉంది?"

"దుమ్ము."

"మాట్లాడుకోడానికి ఓ మనిషి ఉన్నాడన్నారుగా?"

"ఆఁ... ఉన్నాడు."

వారం తిరక్కుండానే పొడుగాయన అడిగి మరీ గేటు కాపలాకు మారిపోయాడు. అతని చోట వచ్చిన కుర్రాడు బండి కదలగానే నిద్రపోయేవాడు. రోజూ గేటు దగ్గర పొడుగాయన అందరి పాసూ చూసినట్టే డ్రైవరు పాసూ చూసి, దారికి అడ్డంగా ఉన్న కర్ర పైకెత్తేవాడు.

ఎండ మండిపోతున్న ఓ పూట డ్రైవరు బండి ఆపి దిగాడు. కాపలా గదిలో ఖాళీ క్యాను ఉంటే తీసుకెళ్లి, ట్యాంకరు పైపు పెట్టి అంచుదాకా నీళ్లు నింపి, తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాడు. ఏదో ఒకటి అంటాడని నిలబడ్డాడు. తిట్టినా సరేననుకున్నాడు.

పొడుగాయన నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

"థాంక్యూ, సార్."

ఇన్నాళ్లలో ఒక్కసారైనా 'సార్' అనని మనిషి. వెనక బళ్లు హారన్లు కొడుతుంటే డ్రైవరు ఎక్కి గేరు వేశాడు.